పేరుకు కట్టే ధర

2012లో జాన్సిస్ రాబిన్సన్, జూలియా హార్డింగ్, హోసే వూయామోజ్ అనే ముగ్గురు కలిసి వైన్ ద్రాక్షల మీద ఒక బృహద్గ్రంథం వెలువరించారు. అమ్మకానికి వైన్ తయారవుతున్న రకాలను మాత్రమే తీసుకున్నా లెక్క 1,368కి చేరింది. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2017లో ఇచ్చిన నివేదిక చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. తినే ద్రాక్షనూ కలుపుకొని, ప్రపంచంలోని ద్రాక్ష తోటల విస్తీర్ణంలో మూడో వంతుకు పైగా కేవలం 13 రకాలదే. 33 రకాలు కలిపితే సగం విస్తీర్ణం అయిపోతుంది. దుకాణంలో వైన్ అరల ముందు నిలబడితే ఈ ఇరుకు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కాబర్నే సావిన్యాన్, మెర్లో, షిరాజ్, పీనో న్వార్, షార్డొనే, సావిన్యాన్ బ్లాంక్ లాంటి ఓ అరడజను పేర్లే కంటి ఎత్తున ఉంటాయి. బోబాల్, అల్యానికో, పయీస్, సపెరావి వంటివి దొరికినా ఏ మూలనో, తక్కువ ధర చీటీతో దొరుకుతాయి. అవి చవకగా ఉండటానికి కారణం ఆ ద్రాక్ష నాసిరకం కావడమా, లేక దాని పేరు కొనేవారికి తెలియకపోవడమా? ఎక్కువ భాగం రెండోదే కారణమని ఈ అధ్యాయంలో వాదిస్తాను. అందుకు జన్యుశాస్త్రం, చరిత్ర, అర్థశాస్త్రం, మనస్తత్వశాస్త్రం నాలుగూ సాక్ష్యం చెబుతాయి. ఆ వాదన ఎక్కడ ఆగిపోతుందో కూడా అవే చెబుతాయి.

తీగల వంశవృక్షం

ముందు ద్రాక్షలో రకం అంటే ఏమిటో చూడాలి. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదని, అంటు కడితేనే అదే పండు వస్తుందని మామిడి రైతుకు చెప్పనక్కర్లేదు. ద్రాక్షదీ అదే స్వభావం. గింజ నుంచి మొలిచే ప్రతి తీగా తల్లిదండ్రుల లక్షణాలు కొత్తగా కలగలిసిన వేరే మొక్క. ఒక తీగ నచ్చితే దాని కొమ్మ ముక్కలు నాటి పెంచుకుంటూ పోవడం తప్ప ఆ రుచిని నిలబెట్టే దారి లేదు. అంటే ప్రపంచంలో ఉన్న పీనో న్వార్ అంతా, మధ్యలో జరిగిన చిన్న చిన్న ఉత్పరివర్తనలు పక్కన పెడితే, శతాబ్దాల కిందటి ఒకే తీగకు కొనసాగింపు. ఏ తీగ కొమ్మను ఎవరు, ఎందుకు దాచారన్నదే ఒక రకం బతుకుకూ అంతానికీ కారణమవుతుంది. అలా దాచడంలో రుచి పాత్ర ఉంది. దానితోపాటు కాపు ఎంత, మంచుకు తట్టుకుంటుందా, దొర ఏమన్నాడు, పొరుగు ఊళ్లో ఏం నాటారు అనేవి కూడా అంతే బలంగా పనిచేశాయి.

1990ల్లో డీఎన్ఏ పరీక్షలు వచ్చాక ఈ వంశవృక్షం బయటపడింది. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో జాన్ బవర్స్, కరోల్ మెరెడిత్ చేసిన పరిశోధనలో, ఎర్ర వైన్లకు రాజు లాంటి కాబర్నే సావిన్యాన్ నిజానికి కాబర్నే ఫ్రాంక్‌కూ, తెల్ల ద్రాక్ష సావిన్యాన్ బ్లాంక్‌కూ పుట్టిన బిడ్డ అని తేలింది. ఎవరూ పనిగట్టుకుని చేసిన సంకరం కాదది, తోటలో యాదృచ్ఛికంగా జరిగిన పరపరాగ సంపర్కం. రెండేళ్ల తర్వాత వచ్చిన ఫలితం మరింత ఆశ్చర్యకరం. షార్డొనే, గామే, అలిగోటే సహా 16 ఫ్రెంచి రకాలకు తల్లిదండ్రులు ఒకే జంట. అందులో ఒకటి గొప్పింటి పీనో. రెండోది గుయే బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష. ఈ గుయే పేద రైతులు పల్లపు నేలల్లో వేసుకున్న పంట, పుల్లటి పలచటి వైన్ ఇస్తుందని పెద్దలు ఈసడించిన రకం. షార్డొనే సీసాకు వేలు పోసేవారు ఆ ద్రాక్ష సగం జన్యువులకు వెల లేని ఒక తీగకు రుణపడి ఉన్నారన్నమాట. ఆ పదహారు మందిలో షార్డొనే సింహాసనం ఎక్కింది. దాని తోబుట్టువు గామేను మాత్రం బర్గండీ ప్రభువు ఫిలిప్ 1395లో శాసనం చేసి మరీ తన మంచి నేలల నుంచి పీకించాడు. గామే దక్షిణానికి జరిగి బోజొలేలో స్థిరపడింది, ఇప్పటికీ బర్గండీ పీనో ధరలో చిన్న వంతుకే దొరుకుతుంది. తల్లిదండ్రులు ఒకరే అయినంత మాత్రాన రుచి ఒకటే అవదు, నిజమే. అయితే గొప్ప రకాలు ఒక జాతి, తక్కువ రకాలు మరో జాతి అన్న ఊహకు జన్యువుల్లో ఆధారం లేదని మాత్రం ఈ వంశవృక్షం తేల్చేసింది.

తెలియకుండా జరిగిన ప్రయోగం

పేరు, రుచి ఎంత దూరం విడిపోగలవో చిలీ దేశం తెలియకుండానే ప్రయోగం చేసి చూపించింది. కార్మెనేర్ అనే రకం ఒకప్పుడు బోర్డో ప్రాంతంలో గౌరవంగా పెరిగేది. 1860ల నుంచి ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పేనుబంక జాతి పురుగు ఫ్రాన్స్ తోటల వేళ్లను పీల్చి చంపేసింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా జాతి వేళ్ల మీద అంటు కట్టి తోటలన్నీ మళ్లీ నాటాల్సి వచ్చింది. అప్పుడు రైతులు కార్మెనేర్‌ను వదిలేశారు. పూత సమయంలో చలి, వాన వస్తే దాని పిందె రాలిపోతుంది, కాపు నమ్మకం లేనిది. మెర్లో సులువైనది. అలా రుచిలో ఓడిపోకుండానే కార్మెనేర్ తన పుట్టింట్లో దాదాపు కనుమరుగైంది. అయితే పురుగు రాకముందే, 19వ శతాబ్దం మధ్యలో, బోర్డో నుంచి చిలీకి వెళ్లిన కొమ్మల్లో అదీ ఉంది. అక్కడ మెర్లోతో కలిసిపోయి, మెర్లో అన్న పేరుతోనే నూరేళ్లకు పైగా పెరిగింది. 1994లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ మిషెల్ బుర్సికో చిలీ తోటలు చూసి, ఇది మెర్లో కాదు, పోయిందనుకున్న కార్మెనేర్ అని గుర్తించాడు.

అప్పటిదాకా ప్రపంచం దాన్ని మెర్లో అనుకునే కొన్నది, తాగింది, మెచ్చుకుంది. చిలీ మెర్లోకు ఏదో ప్రత్యేకమైన పచ్చి క్యాప్సికం వాసన ఉందని అనుకున్నారు తప్ప అది వేరే ద్రాక్ష అని ఎవరూ పట్టలేదు. ఆ వాసనకు కారణం పిరజీన్లు అనే రసాయనాలు. పండు పక్వానికి వచ్చేకొద్దీ అవి తగ్గుతాయి. కార్మెనేర్ మెర్లో కంటే మూడు వారాలకు పైగా ఆలస్యంగా పండుతుంది. రెండిటినీ ఒకేసారి కోయడం వల్ల కార్మెనేర్ పచ్చిగా ఉండగానే పీపాలోకి పోయేది. అసలు పేరు తెలిశాక రైతులు దాన్ని విడిగా, ఆలస్యంగా కోయడం మొదలుపెట్టారు, వైన్ బాగుపడింది. ఇక్కడ గమనించాల్సినవి రెండు. ఒక రకం మరుగున పడటానికి పిందె రాలడం లాంటి వ్యవసాయ కారణం చాలు, రుచి లోపం అక్కర్లేదు. మరుగున పడ్డ రకం నాసిగా తోచడానికి దాన్ని పండించే తీరు సరిగ్గా తెలియకపోవడం కూడా కారణం కావచ్చు.

సీసాలో ఏముంది, ధరలో ఏముంది

ధరను విప్పి చూద్దాం. ఖరీదైన ఎర్ర వైన్లను నిల్వచేసే ఓక్ పీపా 225 లీటర్లది, దాంతో 750 మిల్లీలీటర్ల సీసాలు 300 నిండుతాయి. కొత్త ఫ్రెంచి ఓక్ పీపా సుమారు వెయ్యి యూరోలు అనుకుంటే, ఒక్కసారి వాడి పారేసినా సీసాకు పడేది మూడు యూరోల పైచిలుకు. సీసా, బిరడా, చీటీ కలిపి ఇంకో ఒకటి రెండు యూరోలు. కాపు బాగా తగ్గించి, చేత్తో కోయించి, ఎంచి వేసినా ద్రాక్ష, కూలి ఖర్చు సీసాకు కొన్ని యూరోలను మించడం అరుదు. అంటే అన్ని హంగులతో చేసిన వైన్‌కైనా తయారీ ఖర్చు ఇరవై యూరోల దరిదాపుల్లోనే ఉంటుంది. అంతకు పైన ఉన్నదంతా ప్రధానంగా నేల ధర, పేరు, కొరత. బర్గండీలో అత్యున్నత శ్రేణి తోట హెక్టారు సగటున 60 లక్షల యూరోలకు పైనే పలుకుతోంది. అదే ఫ్రాన్స్‌లో, లాంగ్‌డాక్‌లో గుర్తింపు పొందిన తోట హెక్టారు పది పదిహేను వేల యూరోలకు దొరుకుతుంది. నేలలో, వాతావరణంలో తేడా నిజమే, కానీ ఎంత ఉదారంగా లెక్కేసినా ఆ తేడా నాలుగు వందల రెట్లు ఉండదు. పేరున్న సీసాలకు వచ్చే ధరే నేల ధరను పెంచుతుంది, ఆ నేల ధర మళ్లీ సీసా ధరకు సమర్థన అవుతుంది. పేరు లేని రకం ఈ చక్రంలో ఇంకా పడలేదు. అందుకే దాని సీసాపై పెట్టిన డబ్బులో ఎక్కువ వంతు ద్రాక్షకూ శ్రమకూ చేరుతుంది.

మరి తాగేవారి నాలుక ఈ తేడాను పట్టదా? 2008లో రాబిన్ గోల్డ్‌స్టీన్ బృందం ఆరు వేలకు పైగా గుడ్డి రుచి పరీక్షల ఫలితాలను విశ్లేషించింది. సీసా, ధర కనిపించకుండా తాగినప్పుడు శిక్షణ లేనివారికి ఖరీదైన వైన్ కొంచెం తక్కువగానే నచ్చింది. అదే ఏడాది హిల్కే ప్లాస్‌మాన్, ఆంటోనియో రాంగెల్ తదితరులు మెదడు స్కానర్‌లో ఉన్నవారికి ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, మరోసారి 90 డాలర్లదని చెప్పి తాగించారు. 90 అన్నప్పుడు ఎక్కువ రుచిగా ఉందని వారు చెప్పడమే కాదు, ఆనందాన్ని నమోదు చేసే మెదడు భాగంలో చలనం కూడా పెరిగింది. అంటే వారు గొప్పలకు పోయి అబద్ధమాడలేదు, ధర నిజంగానే వారి అనుభవాన్ని మార్చింది. నిపుణులూ దీనికి అతీతులు కారు. 2001లో బోర్డోలో జరిగిన ప్రయోగంలో తెల్ల వైన్‌కు వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైన్ చదువు చదువుతున్న 54 మంది దాని వాసనలను ఎర్ర వైన్ పదజాలంతో వర్ణించారు. కాలిఫోర్నియా రాష్ట్ర పోటీలో ఒకే సీసా వైన్‌ను న్యాయనిర్ణేతలకు మూడుసార్లు ఇచ్చి చూసిన రాబర్ట్ హాడ్జ్‌సన్‌కు, ఒకే రకంగా మార్కులు వేసినవారు పది మందిలో ఒకరే కనిపించారు.

నిలబడే అభ్యంతరాలు

దీన్ని పట్టుకుని వైన్ రుచి అంతా బూటకం అనేయడం తొందరపాటు. గోల్డ్‌స్టీన్ లెక్కల్లోనే శిక్షణ ఉన్నవారికి ధరకూ ఇష్టానికీ మధ్య కొంత అనుకూల సంబంధం కనిపించింది. రుచిలో తేడాలున్నాయి, వాటికి రసాయన ఆధారం ఉంది. షిరాజ్‌లో మిరియాల ఘాటుకు కారణం రొటండోన్ అనే అణువని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గుర్తించారు. మన వంటింటి మిరియాల్లో ఉండేదీ అదే అణువు. మస్కట్ ద్రాక్షలో పూల వాసన టెర్పీన్లది. ఈ తేడాలు నిజమైనవే, కానీ అవి ధర క్రమంలో అమరి లేవు. రొటండోన్ షిరాజ్ సొత్తు కాదు, ఆస్ట్రియా తెల్ల ద్రాక్ష గ్రూనర్ వెల్ట్‌లీనర్‌లోనూ ఉంది. నాలుక చెప్పేది అబద్ధమని కాదు నా వాదన, నాలుక కంటే ముందు ధర చీటీ మాట్లాడేస్తోందని.

ఇంకా బలమైన అభ్యంతరం ఒకటుంది. వందల ఏళ్లలో లక్షల మంది రైతులు, కోట్ల మంది తాగేవారు వడపోసి నిలిపినవే గొప్ప రకాలు, మిగిలినవి ఓడిపోవాల్సినవే కాబట్టి ఓడిపోయాయి అంటారు కొందరు. ఇందులో కొంత నిజం ఉంది. పీనో, రీస్లింగ్, నెబియోలో వంటివి సరైన నేలలో ఇచ్చేదాన్ని అన్ని రకాలూ ఇవ్వలేవు. మరుగున ఉన్న 1,300 రకాల్లో నీళ్లలాంటి వైన్ ఇచ్చేవి చాలానే ఉన్నాయి. కానీ ఆ వడపోత రుచి ఒక్కదాన్నే చూసి జరగలేదని కార్మెనేర్ చెబుతోంది, గామే చెబుతోంది. ఎదురు వైపు నుంచి అయిరెన్ చెబుతోంది. స్పెయిన్‌లోని లా మాంచా మైదానంలో పెరిగే ఈ తెల్ల ద్రాక్ష విస్తీర్ణంలో చాలాకాలం ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉండేది. దాని గొప్ప ఏమిటంటే కరవుకు తట్టుకోవడం. పండిన దాంట్లో చాలావరకు బ్రాందీకే పోయింది. రుచిలో ఒక మోస్తరుదైన రకం అంత నేలను ఆక్రమించగలిగిందంటే, చరిత్ర వడపోతను రుచి తీర్పుగా చదవడం పొరపాటు. మరుగున ఉండటం నాణ్యతకు హామీ కాదు, లోపానికి రుజువూ కాదు.

మరి మంచిదాన్ని పట్టేదెలా? ఒక రకం తన సొంత ప్రాంతంలో, దాని స్వభావం పని చేసే చోట పెరిగిందా అని చూడటం మొదటి మెట్టు. వేడి దేశాల్లో ద్రాక్షకు చక్కెర తేలిగ్గా వస్తుంది, పులుపు నిలవదు. పులుపు లేని వైన్ చప్పగా, బరువుగా ఉంటుంది. కాబట్టి ఎండలోనూ పులుపు నిలుపుకునే రకాలు అక్కడ విలువైనవి. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో థో మడుగు పక్కన పెరిగే పిక్‌పూల్ అలాంటిది, ఆ మడుగులో పెంచే ఆయిస్టర్లకు జోడీగా పేరు తెచ్చుకుంది. స్పెయిన్‌లో వెలెన్సియా వెనుక ఎత్తైన పీఠభూమిలో, ఊటియెల్ రెకేనా ప్రాంతంలో పెరిగే బోబాల్ మరొకటి. ముదురు రంగు, గట్టి వగరు, నిలిచే పులుపు దానివి. చాలాకాలం దాన్ని పలచటి వైన్లకు రంగు కలపడానికి టోకున అమ్మేశారు, తోటలు పీకేశారు. మిగిలిన ముసలి పొదల నుంచి కాపు తగ్గించి చేసిన వైన్ ఇప్పటికీ ఐరోపాలో పది యూరోల లోపు దొరుకుతుంది. దక్షిణ ఇటలీ అగ్నిపర్వత నేలల్లో నవంబరు దగ్గర పడేదాకా తీగ మీదే ఉండే అల్యానికో కొన్నేళ్లు నిల్వ ఉంచదగ్గ వైన్ ఇస్తుంది, ధర మాత్రం ఉత్తర ఇటలీ వైన్ బరోలో దరిదాపుల్లోకి రాదు. చిలీలో స్పెయిన్ వలసదారులు 16వ శతాబ్దంలో తెచ్చిన పయీస్‌ను నాలుగు వందల ఏళ్లు కూలీల వైన్‌గా చూశారు. నీటి తడి లేకుండా పెరిగిన ఆ ముసలి తీగల నుంచి తేలికైన, పళ్ల వాసన గల ఎర్ర వైన్‌ను ఈ మధ్యే శ్రద్ధగా చేస్తున్నారు. ఆ పయీస్‌కూ మస్కట్‌కూ పుట్టిన బిడ్డే అర్జెంటీనా తెల్ల ద్రాక్ష టొరొంటెస్. పూల వాసన, తక్కువ వగరు ఉండటం వల్ల కారం దట్టించిన మన కూరల పక్కన ఖరీదైన కాబర్నే కంటే ఇది నయం. వగరు, ఓక్ ఎక్కువైన ఎర్ర వైన్ మిరప మంటను రేపుతుంది.

పేరు వస్తే ఇవీ ఖరీదవుతాయి కదా అంటే, అవుతాయి. గ్రీసులో శాంటొరీని దీవి ద్రాక్ష అసిర్టికో ఒకప్పుడు ఆ దేశం దాటితే ఎవరికీ తెలియదు. ప్రపంచం కనిపెట్టాక, పర్యాటకం నేలను మింగాక, దాని ద్రాక్ష ధర కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లైంది. ఇది వాదనకు దెబ్బ కాదు, బలం. ద్రాక్ష అదే, తీగలు అవే, మారింది పేరు. ఇక మన దేశంలో ఈ లెక్క తలకిందులవుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. ఏళ్ల తరబడి దిగుమతి వైన్‌పై 150 శాతం సుంకం, దానిపై రాష్ట్రాల పన్నులు పడటం వల్ల ఐరోపాలో ఎనిమిది యూరోల సీసా హైదరాబాద్‌కు వచ్చేసరికి చవక కాదు. అంత భారం మోసి తెచ్చే వ్యాపారి అమ్ముడుపోతుందన్న భరోసా ఉన్న పేర్లనే తెస్తాడు. నాశిక్ తోటలు కూడా షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్, షిరాజ్, కాబర్నే అనే ఫ్రెంచి రకాల మీదే నిలబడ్డాయి. కాబట్టి ఈ అధ్యాయం చెప్పే లాభం డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉన్న తెలుగువారికి అందినంత సులువుగా విజయవాడలో అందదు. పన్ను వల్ల పెరిగిన ధరను ద్రాక్ష నాణ్యతగా పొరబడకపోవడం మాత్రం ఇక్కడా పనికొస్తుంది. చవక అన్నది ఎక్కువ తాగడానికి కారణం కాదని కూడా చెప్పుకోవాలి. ఆరోగ్యానికి హాని లేని మద్యం పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. రకం పేరు మారితే ఆ మాట మారదు.

జేబుకు మించిన లాభం

మరుగున ఉన్న రకాల విలువ జేబుతో ఆగిపోదు. 2020లో ఇగ్నాసియో మొరాలెస్ కాస్తియా బృందం ప్రచురించిన అంచనా ప్రకారం భూతాపం 2 డిగ్రీలు పెరిగితే, ఇప్పుడు వైన్ ద్రాక్షకు అనువుగా ఉన్న ప్రాంతాల్లో 56 శాతం ఆ అనుకూలత కోల్పోతాయి. పెరిగే వేడికి తగిన వేరే రకాలను నాటుకుంటే ఆ నష్టం 24 శాతానికి తగ్గుతుంది. ఈ లెక్కను గొప్ప పేర్ల గడ్డే ముందుగా ఒప్పుకుంది. బోర్డో ప్రాంతానికి 2021లో టూరిగా నాసియొనాల్, అల్వరీన్యో, కాస్టెట్స్ సహా ఆరు కొత్త రకాలు నాటే అనుమతి వచ్చింది. తోటలో 5 శాతం, వైన్‌లో 10 శాతం మించకూడదన్న షరతుతోనే అయినా, పోర్చుగల్ ద్రాక్ష బోర్డో సీసాలోకి అడుగుపెట్టడం చిన్న విషయం కాదు. తీగ కొమ్మతోనే బతుకుతుంది కాబట్టి, కొనేవాడు లేక రైతు పీకేసిన రకం మళ్లీ గింజ నుంచి పుట్టదు. బోబాల్ సీసా కొన్నవాడు, తనకు తెలిసినా తెలియకపోయినా, ఆ తోట నిలబడటానికి కొంత కారణమవుతున్నాడు.

ఇంత చెప్పినా ఇది నమ్మకం మీద ఒప్పుకోవాల్సిన వాదన కాదు, ఇంట్లోనే పరీక్షించి చూడొచ్చు. రుచి శాస్త్రంలో వాడే పద్ధతి చాలా సులువు. ఒకే రంగు వైన్లు రెండు, ఒకటి పేరున్నది, ఒకటి లేనిది తీసుకుని మూడు గ్లాసులు పెట్టాలి. రెండు గ్లాసుల్లో ఒకటే వైన్, మూడో దాంట్లో రెండోది. ఏది ఎందులో ఉందో తెలిసినవారు గదిలో ఉండకూడదు. వేరుగా ఉన్న గ్లాసు ఏదో తాగేవారు చెప్పాలి. ఊహించి చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి గెలిస్తే అర్థం లేదు. వరుసగా ఐదుసార్లు సరిగ్గా చెబితే అది అదృష్టం కావడానికి అవకాశం 243లో ఒక వంతే. తేడా పట్టలేకపోతే చవకదాన్ని కొనడంలో ఏ నష్టమూ లేదు. తేడా పట్టి, చవకదే నచ్చితే రెండు విధాలా లాభం. తేడా పట్టి, ఖరీదైనదే నచ్చితే ఆ డబ్బు పెట్టడానికి ధర చీటీ కంటే గట్టి కారణం దొరికినట్టే.